దేవదాసు కోసం ఏడ్చామా, పార్వతి కోసమా?

చరిత్ర అనగానే మనకి రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ చరిత్ర కాదు. సినిమా చూసి ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా అరుగుమీద కూలబడి మనం పోట్లాడుకున్న పోట్లాటల చరిత్ర. 'అదీ ఒక చరిత్రేనా?' అని మీరు ముక్కున వేలేసుకుంటారేమో. ఎందుకు కాదండీ? ఒక నటుణ్ణి అరవై డెబ్భై ఏళ్ళపాటు ఒక జాతి మొత్తం చూసింది, మెచ్చింది, తప్పుపట్టింది. ఎవరు ఏది మెచ్చుకున్నారో, ఏది ఒప్పుకోలేదో చూస్తే, ఆ నటుడి సంగతి ఎంత తెలుస్తుందో తెలియదు గాని మన సంగతి మాత్రం బాగా తెలుస్తుంది.

ఆ నటుడు అక్కినేని నాగేశ్వరరావు గారు. ఆయన 'ఆడవాళ్ళ హీరో' అని అప్పట్లో ఒక మాట ఉండేది. మగవాళ్ళు ఆ మాటని కొంచెం చిన్నచూపుతోనే అనేవారు. 'ఆడంగులకేం తెలుసు, తెరమీద వాడు ఏడిస్తే ఇక్కడ వీళ్ళు ఏడుస్తారు' అని వాళ్ళ ఉద్దేశం. ఆ మాట ఎంతవరకు నిజమో మా ఇంటి సంగతులు చెప్పి మీకే వదిలేస్తాను.

ముందు నాలుగు ముక్కలు ఆయన గురించి. కృష్ణా జిల్లా రామాపురంలో 1924లో పుట్టారు. పెద్ద చదువు లేదు. ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కడం అరుదైన రోజులు కనక, కుర్రతనంలో నాటకాల్లో చంద్రమతి వంటి స్త్రీ పాత్రలు కట్టారు. బెజవాడ రైల్వే స్టేషన్లో ఘంటసాల బలరామయ్య గారి కంట పడటం, 1944లో 'సీతారామ జననం'లో రాముడు కావడం అందరికీ తెలిసిన కథే. తర్వాత 1948లో 'బాలరాజు', 1949లో 'కీలుగుర్రం', 'లైలా మజ్నూ' వచ్చాయి. జానపద కథానాయకుడిగా పేరొచ్చింది.

ఆ స్త్రీ పాత్రల సంగతి దగ్గరే మొదటి అభిప్రాయ భేదం. 'ఆ నడకలో, ఆ చేతులు తిప్పడంలో ఇంకా ఆ చంద్రమతి పోలేదు' అని వెక్కిరించేవాళ్ళుండేవారు. 'అందుకే ఆయన మొహంలో అంత మెత్తదనం ఉంది, ఎదుట మనిషి మాట్లాడుతుంటే వినడం ఆయనకి వచ్చు' అనేవాళ్ళూ ఉండేవారు. గుణమొకటే. ఒకరి కంటికి లోపం, మరొకరి కంటికి సొగసు.

ఇక 1953కి వద్దాం. ఆ ఏడు జూన్ నెలాఖరులో 'దేవదాసు' విడుదలయింది. శరత్‌బాబు నవల 1917లో అచ్చయింది. చక్రపాణి గారి వంటివారి అనువాదాల వల్ల శరత్ తెలుగువాడే అనుకునేంతగా మన ఇళ్ళలోకి వచ్చేశాడు. ఆ కథని వినోదా వారు తీస్తున్నారు, వేదాంతం రాఘవయ్య గారు దర్శకులు, నాగేశ్వరరావు దేవదాసు అనగానే చాలామంది పెదవి విరిచారు. 'కత్తి పట్టుకు గుర్రమెక్కేవాడు దేవదాసేమిటి?' అన్నారు. అంతకుముందు 1935లోనే బరువా, సైగల్ దేవదాసులుగా వచ్చి ఉన్నారు. వాళ్ళని చూసినవాళ్ళకి మరీ అనుమానం.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా ఊరు తెనాలి దగ్గర పల్లె. బండి కట్టించుకుని మా అమ్మ, పెద్దత్తయ్య, బాబాయి, నేను వెళ్ళాం. ఆడవాళ్ళ బెంచీలు వేరు. చంకలో బిడ్డలు, కొంగున వేయించిన వేరుశనక్కాయలు, చేతిలో అర్ధణా పాటల పుస్తకం. సినిమా సగం గడిచేసరికి శనక్కాయలు నమిలే చప్పుడు ఆగిపోయింది. ఆఖరికి దేవదాసు పార్వతి ఇంటి గుమ్మం ముందుకొచ్చి ప్రాణం వదిలేసరికి హాలు హాలంతా ఒక్కటే వెక్కిళ్ళు. మా అమ్మ కొంగు తడిసిపోయింది. మగవాళ్ళ వైపు కూడా ముక్కులు చీదుకునే చప్పుళ్ళు వినబడ్డాయి సుమండీ! మా వరసలో ఏడవనిది పెద్దత్తయ్య ఒక్కతే.

బండిలో తిరిగొస్తున్నప్పుడు బాబాయి ఒకటే పొగడ్త. అతను గుంటూరులో ఇంటరు చదువుతుండేవాడు. 'ఆ కళ్ళు చూశారా వదినా, కళ్ళతోనే నటించాడు. అరవలేదు, గుండెలు బాదుకోలేదు' అంటాడు. అమ్మ 'పాపం, పాపం' అంటుంది. అప్పుడు అత్తయ్య నెమ్మదిగా అంది: 'చచ్చినవాడి సంగతి తేలిపోయిందిరా అబ్బాయ్. ఆ పిల్ల ఆ ఇంట్లో గడిపిన రోజుల మాటేమిటి? దాని కోసం ఒక్కళ్ళూ ఏడవరేం?'

బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఎడ్ల మెడల్లో గంటలు మాత్రం మోగుతున్నాయి.

నాకు ఆ మాటకి అర్థం చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. అత్తయ్యని పద్నాలుగో ఏట, ఎదిగిన పిల్లలున్న రెండోపెళ్ళివాడికిచ్చి చేశారట. పార్వతికి జరిగిందీ అదే కదా! పెళ్ళినాటికి పెద్ద సవతి కూతురు అత్తయ్యకంటె రెండేళ్ళు పెద్ద. పదేళ్ళు ఆ ఇంటికి చాకిరీ చేసి, భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. ఆవిడ దేవదాసుని చూడలేదు. తన ఇంటినే తెరమీద చూసుకుంది.

ఆనాడు పార్వతి వేషం వేసిన సావిత్రి గారికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. చంద్రముఖిగా లలిత వేశారు. సంగీతం కూర్చిన సుబ్బురామన్ గారు సినిమా విడుదలకి ముందే కన్నుమూశారు. పాటలు సముద్రాల వారివి, గొంతు ఘంటసాల గారిది. ఇంతమంది కలిస్తే ఆ సినిమా. కాని పేరు మాత్రం ఒక్కరిదే నిలిచింది. ఇది కూడా గమనించవలసిందే.

తాగుబోతు వేషం అంత సహజంగా ఎలా వచ్చిందన్నదాని మీద ఆ రోజుల్లో ఎన్ని కథలో! 'నిజంగానే తాగి వేశాడు' అన్నవాళ్ళున్నారు. ఆ దృశ్యాలు రాత్రిపూట తీయడం వల్ల కళ్ళు వాలిపోయి అలా కనబడ్డాయని ఆ తర్వాత నాగేశ్వరరావు గారే చెప్పేవారు. ఈ సంగతి తెలిసి బాబాయి స్నేహితుడొకడు, 'ఇంకేం, అది నటన కాదు, నిద్ర!' అని కొట్టిపారేశాడు. బాబాయి ఊరుకుంటాడా? 'నిద్ర అందరికీ వస్తుంది, దేవదాసు అందరికీ రాడు' అన్నాడు. రెండు రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఆ తర్వాత దేవదాసు ఆయన మెడకి చుట్టుకుంది. విషాదం, దగ్గు, గడ్డం. ఏ నటుడికైనా ఇలాంటి కీర్తి ఒక చెరసాల. అందులోంచి బయటపడాలని కాబోలు, 1955లో 'మిస్సమ్మ'లో నవ్వించే డిటెక్టివు వేషం వేశారు. అసలు కథానాయకుడు రామారావు గారు. ఈయనది పక్క వేషం. బాబాయికి మింగుడు పడలేదు. 'దేవదాసు వేసినవాడు భూతద్దం పట్టుకుని తిరగడమేమిటి!' అని ఏడ్చినంత పనిచేశాడు. మా అమ్మకి మాత్రం అదే నచ్చింది. 'హాయిగా నవ్వుకున్నాం, ఇంటికొచ్చి అన్నం తిన్నాం. సినిమా అంటే అలా ఉండాలి' అని ఆవిడ తీర్పు. పొద్దస్తమానం పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి నవ్వు ఎంత అవసరమో మగపిల్లలకేం తెలుస్తుంది?

పౌరాణికాల దగ్గర ఇంకో పేచీ. 'రాముడికీ కృష్ణుడికీ రామారావు గారే. ఆ ఆకారం, ఆ కంఠం ఈయనకి లేవు' అని ఊరంతా ఒప్పుకున్న మాట. నాగేశ్వరరావు గారి పక్షంవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. కాని 1954లో 'విప్రనారాయణ', 1960లో 'మహాకవి కాళిదాసు' చూసి, 'దేవుడు వద్దు, భక్తుణ్ణీ కవినీ మాకిచ్చెయ్యండి' అన్నారు. నిజమే మరి. దేవుడికి నిండుదనం కావాలి, భక్తుడికి వెలితి కావాలి. ఆ వెలితి చూపించడం ఈయనకి వచ్చు. 1958లో 'భూకైలాస్'లో రామారావు గారు రావణుడైతే ఈయన నారదుడు. ఎవరి చోట వాళ్ళు!

అయినా అభిమానులు ఊరుకున్నారా? 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. అది రామారావు గారి నూరో చిత్రం. ఇద్దరి పేర్లలో ఏది ముందు వేస్తే ఎవరు అలుగుతారో అని, నటీనటుల పేర్లకి బదులు తెరమీద బొమ్మలు వేశారు. అంటే మన అరుగుమీది పోట్లాట మద్రాసు దాకా వెళ్ళిందన్నమాట! నిక్కరు వేసుకుని సావిత్రితో కలిసి రుబ్బురోలు తిప్పిన రామారావు గారిని చూసి మా అమ్మ పార్టీ మార్చేసింది. 'పిండి రుబ్బే మగవాణ్ణి తెరమీదనైనా చూశాను' అంది. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇక్కడ రేడియో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. బెజవాడ ఆకాశవాణి 1948 చివర్లో మొదలైంది. అందులో సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమాని కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. బొమ్మ లేదు, ఒట్టి గొంతే. కందిపప్పు ఏరుతూ వినేవాళ్ళం. అప్పుడు ఇంకో చిత్రం బయటపడింది. తెరమీద ఎవరు బాగా చేశారని మనం అనుకున్నామో, వినేటప్పుడు వాళ్ళు కాదు. 'ఈయన గొంతు సన్నం' అని ఎప్పుడూ వంకపెట్టే మా పక్కింటి పిన్నిగారు, కళ్ళుమూసుకుని విన్నాక, 'మాటకీ మాటకీ మధ్య ఆగుతాడమ్మా, ఆ ఆగడంలో ఉంది' అన్నారు. ఏ పత్రికలో ఏ విమర్శకుడు ఇంతకంటె బాగా చెప్పాడో నాకు తెలియదు.

తర్వాత వచ్చినదే అసలైన మలుపు. 1960ల్లో మనవాళ్ళ నవలలు వారపత్రికల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో రాజ్యమేలాయి. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా పెట్టిన నంది బహుమతుల్లో బంగారు నంది దానికే వచ్చింది. చచ్చిపోయిన చెల్లెల్ని స్నేహితుడి భార్యలో చూసుకునే డాక్టరు కథ. లోకం ఆ అభిమానాన్ని అపార్థం చేసుకుంటుంది. మా అక్కయ్య అప్పటికి కాలేజీలో చేరింది. నవల మూడుసార్లు చదివి మరీ సినిమాకి వెళ్ళింది. అంటే ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నది ఇక ఏడ్చేవాళ్ళు మాత్రమే కాదు, పుస్తకం చదివి, పక్కన పెట్టుకుని, 'ఈ మాట ఇలా అనాలి, ఈ చూపు ఇలా ఉండాలి' అని పరీక్ష పేపరు దిద్దే మేష్టర్లు!

అదే ఏడు 'మూగ మనసులు' వచ్చింది. గోదావరి మీద పడవవాడు గోపి. విధవరాలై తిరిగొచ్చిన అమ్మాయిగారి మీద అతనికున్న మమకారాన్ని ఊరు ఓర్వలేకపోవడం. 'పట్నం మనిషి పడవవాడు ఎలా అవుతాడు, ఆ పంచెకట్టు చూడు, ఇస్త్రీ చెక్కు చెదరలేదు' అని అక్కయ్య. 'బట్టలు కాదే, ఆవిడ ముందు అతను నిలబడ్డ తీరు చూడు' అని అమ్మ. అత్తయ్య మాత్రం ఆ సినిమా రెండోసారి చూసింది. ఎందుకని అడిగితే, 'ఆ పిల్లతో మనిషిలాగా మాట్లాడేవాడు ఒక్కడైనా ఉన్నాడు కదే' అంది.

1971లో మరీ విచిత్రం. ఒకే ఏడు సంక్రాంతికి 'దసరా బుల్లోడు', సెప్టెంబరులో 'ప్రేమనగర్'. ఒకదానిలో చిందులు, ఒకదానిలో తాగుడూ విరహమూ. ఆయనకి నలభై ఆరు దాటింది. కుర్రకారు ఆ స్టెప్పులకి ఈలలేశారు. దేవదాసు భక్తులు తలపట్టుకున్నారు. 'ప్రేమనగర్' కూడా కౌసల్యాదేవి గారి నవలే. దానికి జనం విరగబడ్డారు. అంతకు కొంచెం ముందే ఆయనా ఆదుర్తి సుబ్బారావు గారూ కలిసి, డబ్బుకి చూసుకోకుండా 'సుడిగుండాలు', 1970లో 'మరో ప్రపంచం' తీశారు. బుద్ధిమంతులు మెచ్చుకున్నారు. టిక్కెట్లు కొన్నవాళ్ళే తక్కువ. అందుకని 'చిందులెందుకు వేశాడు?' అని ఆయన్ని అడిగేముందు 'మనం దేనికి వెళ్ళాం?' అని మనల్ని మనం అడగాలి. మా ఇంట్లో నలుగురం 'దసరా బుల్లోడు'కి వెళ్ళాం. 'మరో ప్రపంచం'కి బాబాయి ఒక్కడే వెళ్ళాడు.

1974లో ఆయన అమెరికాలో గుండెకి ఆపరేషను చేయించుకున్నారు. మా వీధిలో మొక్కుకోని ఇల్లు లేదు. తిరిగొచ్చి 1976లో యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'లో రాజశేఖరం వేశారు. ఇక అక్కయ్య ఉగ్రరూపం! 'నా రాజశేఖరానికి ముప్ఫై ఏళ్ళు, ఈయనకి యాభై దాటాయి' అంటుంది. అమ్మ, 'నీ రాజశేఖరం ఎక్కడున్నాడే? పుస్తకంలోనే గదా! ఆయనైతే కదులుతున్నాడు' అంటుంది. ఆలోచిస్తే ఇద్దరిదీ న్యాయమే. చదువుకున్న ఆడపిల్ల తన మనసులో ఒక మగవాడి బొమ్మ గీసుకుంది. ఏ నటుడొచ్చినా ఆ బొమ్మకి సరిపోడు. మగవాణ్ణి ఎంచి చూసే హక్కు మనకి ముందు నవలల్లోనే దొరికింది కాబోలు.

ఇప్పుడు అత్తయ్య దగ్గరికి మళ్ళీ వస్తాను. 1974లోనే కృష్ణ గారి 'దేవదాసు' రంగుల్లో వచ్చింది. విజయనిర్మల గారు దర్శకత్వం వహించారు. ఆ రోజుల్లోనే పాత 'దేవదాసు' మళ్ళీ హాళ్ళకి వచ్చింది. మళ్ళీ ఊరూరా రెండు పక్షాలు. మేం పాతదానికి వెళ్ళాం. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అదే అత్తయ్య, అదే బొమ్మ. ఈసారి నేను తెరకంటె ఆవిణ్ణే ఎక్కువ చూశాను. శరత్ కథ మీకు తెలుసుగా, అర్ధరాత్రి లోకానికి వెరవకుండా తన గదికొచ్చిన పిల్లకి ధైర్యంగా ఒక్కమాట చెప్పలేకపోతాడు దేవదాసు. ఆ ఘట్టం దగ్గర అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

రిక్షాలో అడిగాను, 'ఏం అత్తయ్యా, ఇన్నాళ్ళకి నాగేశ్వరరావుని క్షమించావా?' అని.

ఆవిడ నవ్వింది. 'క్షమించడం ఏమిటే! అతను పిరికివాణ్ణి పిరికివాడిగానే చూపించాడు. మంచివాడని బుకాయించలేదు. అప్పుడు నాకు తెలియలేదు. చూసేవాళ్ళే వాణ్ణి దేవుణ్ణి చేశారు. నటుడి తప్పేముంది?' అంది.

ఏమంటారు? ఇరవై ఏళ్ళుగా బాబాయి 'కళ్ళు, కళ్ళు' అంటున్నాడే, ఆ కళ్ళలో ఏముందో ఆవిడే చెప్పింది. ఆ వాలిన చూపులో ప్రేమ ఎంతుందో, తెగువ లేకపోవడమూ అంతే ఉంది. గుండె ధైర్యం లేని మంచితనం ఎదుటివాళ్ళని ఎలా దహిస్తుందో అందులో ఉంది. మనం ప్రేమ ఒక్కటే చూసి ఏడ్చాం. ఆవిడ రెండూ చూసింది కనక, మొదటిసారి ఏడవలేకపోయింది. 'ఆడంగులకేం తెలుసు' అన్నవాళ్ళు ఈ మాట విని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత 1981లో 'ప్రేమాభిషేకం' నెలల తరబడి ఆడింది. 1982లో 'మేఘసందేశం' వచ్చి, ఇంట్లో ఇల్లాలు, బయట కవిత్వం పలికించే కళాకారిణి, మధ్య నలిగే కవి వేషంలో ఆయన్ని చూపించింది. మా వీధి ఆడవాళ్ళు నిట్టనిలువునా చీలిపోయారు. జయసుధ పక్షం, జయప్రద పక్షం. కవి పక్షం ఒక్కరూ లేరు! 1953లో అందరూ దేవదాసు కోసం ఏడ్చారు. 1982కి వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరికి అన్యాయం జరిగిందని వాదించుకున్నారు. నటుడు అతనే. మారింది మనం. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆడపిల్లలు బడికి వెళ్ళారు, ఉద్యోగాలకి వెళ్ళారు, నవలలు రాశారు, చదివారు. అందుకే నేను దీన్ని చరిత్ర అన్నది.

ఆయన 2013లో తనకి క్యాన్సరని తనే పత్రికలవాళ్ళకి చెప్పి, నవ్వుతూ మాట్లాడి, 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. ఆఖరి చిత్రం 'మనం' ఆ ఏడు మే నెలలో వచ్చింది. అత్తయ్య అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పోయింది. అమ్మా లేదు. బాబాయి మాత్రం ఆ రోజు నాకు ఫోను చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, చివరికి, 'అక్క చెప్పింది నిజమేనే. నేను కళ్ళని చూశానుగాని కళ్ళలోకి చూడలేదు' అన్నాడు.

మొన్న మా మనవరాలు ఫోనులో 'దేవదాసు' చూస్తూ, 'అమ్మమ్మా, ఇతను వాళ్ళ నాన్నతో ఒక్క మాట చెప్పచ్చు కదా?' అంది. అత్తయ్య ఉంటే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది.

మీ ఇంట్లోనూ ఇలాంటి వాదాలు జరిగే ఉంటాయి. ఎవరు ఏ వేషం మెచ్చారో, ఏది ఒప్పుకోలేదో, పెద్దవాళ్ళు ఉండగానే ఒకసారి అడగండి. అడిగి ఊరుకోకండి, 'ఎందుకు?' అని కూడా అడగండి. వాళ్ళు ఎన్నడూ చెప్పుకోని సంగతులు ఆ జవాబులో ఉంటాయి.